చలికాలమూ, బ్యాటరీ సైకిలూ



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే కాకతీయులో, విజయనగర రాయలో గుర్తుకు రావడం సహజం. వారి గురించి సాధికారంగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాను నేను. అందుచేత, ఈ మధ్య మన వీధుల్లో చప్పుడు చేయకుండా వెనకనుంచి వచ్చి మనల్ని ఉలిక్కిపడేటట్లు చేస్తున్న బ్యాటరీ బండి పూర్వోత్తరాలను విన్నవించుకుంటాను. అందులోనూ ముఖ్యంగా ఒక్క విషయం: ఆ బండికీ చలికీ ఉన్న పాత వైరం. మన సభ్యులలో చాలామంది పిల్లలు మంచు కురిసే దేశాలలో స్థిరపడ్డారు. వారిలో కొందరు ఈ బండ్లమీదే ఆఫీసులకు వెళ్ళి వస్తున్నారు. కనుక ఇది మనకు అక్కరలేని సంగతి కాదు.

ముందుగా అందరికీ అనుభవమైన విషయంతో మొదలుపెడతాను. మన చిన్నతనంలో ట్రాన్సిస్టరు రేడియో గొంతు బొంగురుపోతే సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్ళం. ఒక పూట ఎండలో కాగాక మళ్ళీ వేస్తే ఆ రాత్రికి వార్తలు వినబడేవి. కొత్త సెల్లులు కొనడానికి నాన్నగారు డబ్బులిచ్చేదాకా అదే వైద్యం. ఎందుకు పనిచేస్తుందో అప్పుడు మనకు తెలియదు. సెల్లులో కరెంటు పుట్టేది రసాయనిక చర్య వల్ల. వేడి తగిలితే ఆ చర్య చురుకవుతుంది, చలి తగిలితే మందగిస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క సూత్రానికి వ్యాఖ్యానమే.

తిరిగి ఛార్జి చేసుకోగలిగిన బ్యాటరీని మొట్టమొదట తయారుచేసినది ఫ్రాన్సు దేశస్థుడు గాస్తోన్ ప్లాంతే, 1859లో. సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి చేసినది. ఇవాళ మన ఇళ్ళలో ఇన్వర్టరు కింద కూర్చుని, నెలకొకసారి డిస్టిల్డు వాటరు అడుగుతున్నది దాని వంశమే. 1881లో గుస్తావ్ త్రూవే అనే ఆయన పారిస్ వీధిలో బ్యాటరీతో నడిచే మూడు చక్రాల సైకిలు తొక్కకుండానే నడిపి చూపించాడు. ఆ తరువాత అమెరికాలోని ఒహాయో రాష్ట్రవాసి ఆగ్డెన్ బోల్టన్‌కు 1895 డిసెంబరు 31వ తేదీన బ్యాటరీ సైకిలు మీద పేటెంటు మంజూరైంది. వెనకచక్రం ఇరుసులోనే మోటారు, చట్రం మధ్యన వేలాడే పది వోల్టుల బ్యాటరీ. ఇవాళ్టి సైకిళ్ళు చాలావాటిలోనూ మోటారు ఆ చక్రంలోనే ఉంటుంది. నూట ముప్పయ్యేళ్ళ క్రితం కాగితం మీద గీసిన బొమ్మను ఇప్పటికీ మార్చనవసరం లేకపోయిందంటే ఆయన బుద్ధికుశలతకు నమస్కరించవలసిందే. అయితే ఆ బండి జనంలోకి రాలేదు. మోటారు సిద్ధంగానే ఉంది, దానికి తగిన బ్యాటరీ లేదు.

సీసపు బ్యాటరీకి మొదటి లోపం బరువు. రెండవది చలి. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగేసరికి దాని శక్తిలో సుమారు ఐదోవంతు తగ్గిపోతుంది. ఇంకా దిగి సున్నాకు దిగువ 18 డిగ్రీలకు చేరితే దాదాపు సగమే మిగులుతుంది. పైగా ఛార్జి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి నీళ్ళవలె ఉంటుంది గనుక, సున్నాకు దిగువ పది డిగ్రీలకు చేరకముందే గడ్డకట్టి డబ్బాను పగలగొట్టే ప్రమాదం ఉంది. నిండా ఛార్జి ఉన్నదానికి ఆ భయం లేదు, ఎంత చలికైనా దాదాపుగా తట్టుకుంటుంది.

ఇక్కడొక చిత్రం మనవి చేయాలి. 1900 ప్రాంతంలో అమెరికా రోడ్లమీద ఆవిరి కార్లు, పెట్రోలు కార్లు, బ్యాటరీ కార్లు మూడూ పోటీపడుతుండేవి. చలికాలం ఉదయం పెట్రోలు కారును కదిలించాలంటే ముందువైపు హ్యాండిలు పెట్టి బలంగా తిప్పాలి. అది వెనక్కి తన్ని చేతులు విరిగినవారున్నారు. బ్యాటరీ కారుకు ఆ బాధ లేదు, మీట నొక్కితే కదిలేది. అందుకే పట్టణాలలో డాక్టర్లు, స్త్రీలు దానిని మెచ్చేవారు. ఈ వైభోగం 1912తో ముగింపుకు వచ్చింది. ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును ఆ ఏడాది క్యాడిలాక్ కార్లలో అమర్చారు. పెట్రోలు ఇంజనును లేపడానికి ఒక చిన్న మోటారు, దానికొక బ్యాటరీ. పోటీలో ఓడినవాణ్ణే గెలిచినవాడు పిలిచి తన ఆఫీసులో గుమాస్తాగా వేసుకున్నట్లయింది. ఆనాటినుంచి కొన్ని దశాబ్దాలపాటు రోడ్డుమీద బ్యాటరీకి ఆ గుమాస్తా ఉద్యోగమే మిగిలింది.

ఆ ఉద్యోగం కూడా చలికాలంలో అది సరిగా చేసేది కాదు. నేను కొంతకాలం విశాఖ ఏజెన్సీలో పనిచేశాను. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి వైపు చలి ఎలా ఉంటుందో అటు పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఉదయం క్యాంపుకు బయలుదేరాలంటే మా ఆఫీసు జీపు ఉలకదు, పలకదు. డ్రైవరు స్టార్టరు నొక్కితే రెండు మూలుగులు మూలిగి ఊరుకునేది. అటెండర్లూ, మేమూ, ఒక్కోసారి అర్జీ పట్టుకొచ్చిన రైతులూ కలిసి వాలుదాకా తోస్తే అప్పుడు అందుకునేది. బ్యాటరీ ముసలిదయిందనీ, కొత్తది కావాలనీ పెట్టిన ఇండెంటు పైనుంచి రెండుసార్లు అభ్యంతరాలతో తిరిగి వచ్చింది. మూడోసారి మంజూరయ్యేసరికి ఎండాకాలం వచ్చింది, జీపు దానంతటదే బాగుపడింది!

బ్యాటరీని మెరుగుపరచాలని ఆ రోజుల్లోనే ఇద్దరు గట్టిగా ప్రయత్నించారు. అమెరికాలో ఎడిసన్ మహాశయుడు నికెల్, ఇనుము కలిపి చేసిన బ్యాటరీ చాలా మన్నికైనదేగాని, చలికి మరీ నీరసించేది. స్వీడన్ దేశస్థుడు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో నికెల్, కాడ్మియం కలిపి చేసినది మాత్రం చలికి బాగా ఓర్చుకునేది. చలిదేశంలో పుట్టినవాడికి చలి బాధ తెలుస్తుంది కదా!

సైకిలు సంగతికి వస్తే, దాని పునర్జన్మ జపానులో జరిగింది. 1993లో యమహా కంపెనీవారు 'పాస్' అనే సైకిలు తెచ్చారు. మనం పెడలు మీద వేసే బలాన్ని కొలిచి, దానికి తోడుగా మోటారు కొంత బలం కలుపుతుంది. తొక్కడం మానితే మోటారూ మానుతుంది. మనవంటి పెద్దవారికీ, సంతకు వెళ్ళే గృహిణులకూ మెరకలెక్కడం తేలిక చేయాలన్నది వారి ఉద్దేశం. అది చట్టప్రకారం సైకిలే గనుక లైసెన్సు అవసరం లేదు. మొదటి నమూనాలో ఉన్నది సీసపు బ్యాటరీయే.

దానికి రెండేళ్ళ ముందు, 1991లో, సోనీ కంపెనీ లిథియం బ్యాటరీని మార్కెట్టులోకి తెచ్చింది. మొదట వీడియో కెమేరాలకు, తరువాత సెల్‌ఫోన్లకు, ఆ తరువాత సైకిళ్ళకు అది చేరింది. దాని వెనక స్టాన్లీ విటింగ్‌హామ్, జాన్ గుడెనఫ్, అకీరా యోషినోల కృషి ఉంది. ముగ్గురికీ కలిపి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్‌గారి వయస్సు 97. నోబెల్ అందుకున్నవారందరిలోకీ ఆయనే వృద్ధుడు. పెన్షనర్ల పత్రికలో ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

లిథియం బ్యాటరీతో బరువు సమస్య తీరింది. చలి సమస్య తీరలేదు, రూపు మారింది. బండి నడిచేటప్పుడు చలివల్ల వచ్చే నష్టం తాత్కాలికం. గడ్డకట్టే చలిలో 50 కిలోమీటర్లు వెళ్ళవలసినది 40తో ఆగవచ్చు. సున్నాకు దిగువ 20 డిగ్రీలలో సగం దూరానికే చేతులెత్తేయవచ్చు. వెచ్చబడితే ఆ శక్తి తిరిగి వస్తుంది. శాశ్వత నష్టం జరిగేది చలిలో ఛార్జింగు పెట్టినప్పుడు.

దీనిని మన ఆఫీసు భాషలో చెబుతాను. ఛార్జి అవుతున్నప్పుడు లిథియం కణాలు ఒకవైపునుంచి బయలుదేరి రెండోవైపున్న గ్రాఫైటు పొరల మధ్యకు వెళ్ళి సర్దుకోవాలి. అది రికార్డు రూములో బీరువా అనుకోండి. వెచ్చగా ఉన్నప్పుడు వచ్చిన ఫైలు వచ్చినట్లు అరలోకి వెళుతుంది. చలిలో అరల్లో సర్దేవాడి చేతులు కొంకర్లుపోతాయి. ఫైళ్ళు మాత్రం అదే జోరున వస్తుంటాయి. ఇక బీరువా బయటే గుట్టపడతాయి. అలా గ్రాఫైటు పైభాగాన పేరుకున్న లిథియం లోహంలో కొంత మళ్ళీ పనికిరాదు, ఆ మేరకు బ్యాటరీ ఆయుష్షు తగ్గినట్లే. కొన్నిసార్లు ఆ లోహం సూదిమొనలవలె పెరిగి మధ్యనున్న పలుచని తెరను పొడిస్తే లోపల షార్టు సర్క్యూటు అవుతుంది. అందుకే సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జి చేయరాదని తయారీదారుల పుస్తకాలలో సాధారణంగా రాసి ఉంటుంది. మంచి బ్యాటరీలలో ఉండే రక్షణ సర్క్యూటు తానే కరెంటును ఆపేస్తుంది. చవకబారు వాటిలో ఆ ఏర్పాటు ఉంటుందన్న భరోసా లేదు.

మా రెండవ కుమారుడు ఫిన్లాండులోని ఔలు పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఉత్తర ధ్రువ వృత్తానికి 200 కిలోమీటర్ల లోపునే ఉన్న ఊరు. మంచులో సైకిలు తొక్కడమనే విషయంపై అంతర్జాతీయ మహాసభ మొదటిసారి 2013లో జరిగింది ఆ ఊళ్ళోనే. అక్కడ సైకిళ్ళకు ప్రత్యేక బాటలున్నాయి. మంచు పడగానే యంత్రాలతో వాటిని చదును చేస్తారు. టైర్లకు చిన్న మేకులు దిగేసి ఉంటాయి, జారకుండా. మావాడు ఆఫీసుకు చేరగానే బ్యాటరీని ఊడదీసి సంచిలో వేసుకుని లోపలికి తీసుకుపోతాడట. తిరుగు ప్రయాణంలో అది గది వెచ్చదనంతోనే బయటికి వస్తుంది, కొంత దూరం ఆ వేడి నిలుస్తుంది. ఇంటికి వచ్చాక వెంటనే ఛార్జింగు పెట్టడు, రెండు మూడు గంటలు ఊరికే ఉంచుతాడు. వాళ్ళమ్మ మాత్రం ఫోనులో బ్యాటరీకి ఇంత సేవ చేసేవాడివి, చెవులకు మఫ్లరు కట్టుకున్నావా అని అడుగుతూ ఉంటుంది.

బ్యాటరీని ఇంట్లోకి తేవడం చలిదేశాలలో తప్పనిసరి ఆచారమైంది. దానితోపాటు మరో భయం వచ్చింది. చైనాలో 1999లో విద్యుత్ సైకిళ్ళకు జాతీయ ప్రమాణాలు వచ్చాక అవి కోట్ల సంఖ్యలో పెరిగిపోయాయి. ఉత్తర చైనా పట్టణాలలో చలికాలం రాగానే హ్యాండిలుకు దూదిబొంత ఒకటి తగిలిస్తారు. అది ఛాతీనీ, మోకాళ్ళనూ, చేతులనూ కప్పుతుంది. చూస్తే బండే దుప్పటి కప్పుకున్నట్లుంటుంది. ఆ బొంత మనిషికి సరే. బ్యాటరీకో? దాన్ని మేడమీదికి మోసుకుపోయి వంటింటి పక్కనో, మెట్లకిందనో ఛార్జింగు పెట్టేవారు. మంటలు లేచి ప్రాణాలు పోయాక, 2021 ఆగస్టునుంచి ఎత్తైన భవనాలలో మెట్లదగ్గర, నడవలలో ఈ బండ్లు నిలపడాన్నీ, ఛార్జి చేయడాన్నీ నిషేధించారు. బండి లోపలికి వస్తే తలుపు మూసుకోని లిఫ్టులు కూడా పెట్టారు. అయినా 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున నాన్‌జింగ్ నగరంలో, విద్యుత్ సైకిళ్ళు నిలిపి ఉన్న కింది అంతస్తులో మొదలైన మంటలకు 15 మంది చనిపోయారు. న్యూయార్కులో మంచులోనూ వానలోనూ ఇంటింటికీ భోజనాలు చేరవేసే కూలీ కుర్రవాళ్ళకు ఈ సైకిలే జీవనాధారం. ఆ నగరంలో 2023 ఒక్క ఏడాదిలోనే లిథియం బ్యాటరీ మంటలకు 18 మంది బలయ్యారు. అదే ఏడు సెప్టెంబరునుంచి భద్రతా పరీక్ష నెగ్గని బ్యాటరీల అమ్మకాన్ని అక్కడ నిషేధించారు.

ఈ మంటలన్నిటికీ చలే కారణమని నేను అనడంలేదు. నాసిరకం సెల్లులు, ఒక బ్యాటరీకి మరొక ఛార్జరు తగిలించడం, కిందపడి నలిగినదాన్నే వాడడం వంటివి అసలు కారణాలలో ఉన్నాయి. చలి చేసేదల్లా దాన్ని మనుషులు నిద్రపోయే గదిలోకి తీసుకురావడం. మనకైతే చలికూడా అక్కరలేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో లేచిన మంటలూ పొగా పైనున్న లాడ్జిని కమ్మి 8 మంది మరణించిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. ఆ ఏడాది డిసెంబరునుంచి కేంద్రప్రభుత్వం బ్యాటరీ భద్రతా నిబంధనలు కఠినం చేసింది. ఆదిలాబాదు చలికి మన బండి నాలుగు కిలోమీటర్లు తక్కువ నడుస్తుందేమోగాని, అంతకుమించి భయం లేదు. మన బ్యాటరీలను త్వరగా ముసలివాటిని చేసేది రామగుండం ఎండ.

కనుక విదేశాలలో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు, తిన్నావా, పడుకున్నావా అన్న ప్రశ్నలతోపాటు బ్యాటరీ ఎక్కడ ఛార్జి పెడుతున్నావని కూడా అడగవలసిందిగా సభ్యులకు నా మనవి. గది తలుపుకు అడ్డంగా పెట్టరాదు, మంట లేస్తే బయటపడే దారి అదే. నిద్రపోతూ ఛార్జింగు పెట్టరాదు. బండితో వచ్చిన ఛార్జరే వాడాలి. బయటి మంచులోంచి తెచ్చినదాన్ని వెచ్చబడనివ్వాలి. నెలల తరబడి బండి తీయకపోతే బ్యాటరీని నిండుగానూ కాక, ఖాళీగానూ కాక, సగానికి కొంచెం పైన ఛార్జి ఉంచి చల్లని పొడిచోట పెట్టాలి. ఈ చివరి మాట, సెలవులకు ఇండియా వచ్చేవారికి.

ఇటీవల లిథియంకు బదులు సోడియంతో చేసిన బ్యాటరీలు వస్తున్నాయి. మనం కూరలో వేసుకునే ఉప్పులో ఉండే సోడియమే. సున్నాకు దిగువ 20 డిగ్రీలలోనూ తన శక్తిలో ఎక్కువభాగం నిలుపుకుంటుంది. అదే శక్తికి లిథియంకన్నా బరువు కొంత ఎక్కువ. చైనాలో ఇప్పటికే సోడియం బ్యాటరీతో రెండుచక్రాల బండ్లు అమ్ముతున్నారు. ఔలులో ఇంకా కనబడలేదని మావాడు రాశాడు.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, సంఘ జీవిత సభ్యుడు