రేడియో ముందు సైనికుడికి నేర్పిన మౌనం

1914 ఆగస్టులో తూర్పు ప్రష్యాలోకి చొచ్చుకొచ్చిన రష్యా సేనలు, ముందుకు కదలాలన్న ఆదేశాలను కూడా సంకేతలిపి లేకుండానే వైర్‌లెస్‌లో పంపుకున్నాయి. జర్మన్లు హాయిగా విన్నారు. టానెన్‌బర్గ్ దగ్గర రష్యా జనరల్ సామ్‌సనోవ్ సైన్యం నాశనం కావడానికి ఇంకా చాలా కారణాలున్నాయి గానీ, జర్మన్ సేనానులు హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్‌ల పనిని తేలిక చేసింది మాత్రం ఆ బహిరంగ సందేశాలే. ఎలక్ట్రానిక్ యుద్ధం అనగానే అందరూ పరికరాల గురించే మాట్లాడతారు. నన్ను ఆకట్టుకునేది మాత్రం వాటి ముందు కూర్చునే మనిషికి ఇచ్చే తర్ఫీదు. సైన్యాలు దాన్ని నెత్తురోడి నేర్చుకుని, శాంతికాలంలో మరిచిపోతూ వచ్చాయి.

1942 నాటి ఉత్తర ఆఫ్రికా ఎడారి పోరే చూడండి. జర్మన్ సేనాని రోమెల్ వెంట కెప్టెన్ ఆల్ఫ్రెడ్ సీబోమ్ నడిపిన 621వ కంపెనీ ఉండేది. బ్రిటిష్ రేడియో సంభాషణలు వినడమే దాని పని. ఎదుటివాళ్లు డొంకతిరుగుడుగా మాట్లాడుకుంటే రహస్యం దాగుతుందనుకునేవారు, దాగేది కాదు. జులై 10న ఎల్ అలమైన్‌కు దగ్గర్లోని టెల్ ఎల్ ఈసా వద్ద ఆస్ట్రేలియా 9వ డివిజన్ ఆ కంపెనీని పట్టుకుంది. తీవ్రంగా గాయపడిన సీబోమ్ తర్వాత చనిపోయాడు. దొరికిన కాగితాలు చదివితే తమ ఆపరేటర్ల నోళ్లు ఎంత వదులుగా ఉన్నాయో బ్రిటిష్ వాళ్లకు అర్థమైంది. ఆ వెంటనే రేడియో క్రమశిక్షణ బిగించారు. రోమెల్ చెవులు పోయాయి.

ఈ పాఠం వియత్నాం దాకా కూడా నిలవలేదు. 1969 డిసెంబరులో అమెరికన్లకు చిక్కిన ఒక శత్రు నిఘా దళం దగ్గర, అమెరికా సైనికుల రేడియో మాటలే ఇంగ్లిషులో రాసిపెట్టిన పుస్తకాలు కనిపించాయి.

సోవియట్లు జామింగ్ చేస్తారన్న, అంటే రేడియోను రొదతో ముంచేస్తారన్న భయంతో ఆ తర్వాత అమెరికన్ల తర్ఫీదు గట్టిపడింది. రేడియోలో రొద మొదలైతే ఆపరేటర్ ముందు యాంటెనా తీసి చూడాలి. రొద తగ్గితే అది బయటి నుంచి వస్తున్నట్టు, తగ్గకపోతే సెట్టులోనే లోపం ఉన్నట్టు. జామింగేనని తేలినా ఆ ముక్క రేడియోలో అనకూడదు. అంటే దెబ్బ తగిలిందని శత్రువుకు మనమే చెప్పినట్టు. మాట కుదించాలి, యాంటెనాను గుట్ట చాటుకు మార్చాలి. చేతులకు అలవాటయ్యేదాకా చేయించాల్సిన పని ఇది.

సోవియట్ యూనియన్ కూలాక అమెరికా సైన్యం దీన్ని దాదాపు వదిలేసింది. ఇరాక్‌లో రోడ్డు పక్కన బాంబులను రేడియో సంకేతాలతో పేలుస్తుంటే, వాటిని అడ్డుకునే జామర్ల సంగతి నేర్పడానికి నౌకాదళం నుంచి మనుషులను పిలిపించుకోవాల్సి వచ్చింది. భారత సైన్యపు ‘సంయుక్త’ ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థ రూపుదిద్దుకున్న హైదరాబాద్ రక్షణ ప్రయోగశాల డీఎల్‌ఆర్‌ఎల్ లాంటి ప్రయోగశాలలు సాధనం ఇవ్వగలవు. అలవాటు మాత్రం యూనిట్‌లోనే పడాలి.

2023 కొత్త సంవత్సరం వేళ తూర్పు ఉక్రెయిన్‌లోని మకీవ్కాలో రష్యా సైనికులున్న భవనంపై ఉక్రెయిన్ రాకెట్లు పడ్డాయి. 89 మంది చనిపోయారనీ, వాళ్లున్న చోటును బయటపెట్టిన సెల్‌ఫోన్ల వాడకమే ప్రధాన కారణమనీ రష్యా రక్షణ శాఖే ప్రకటించింది. ఇప్పుడు ఉక్రెయిన్ రంగంలో సన్నటి ఫైబర్ తీగ వెంట డ్రోన్లు వస్తున్నాయి. వాటిపై జామర్ పనిచేయదు. అందుకే అక్కడి సైనికులకు షాట్‌గన్‌తో ఎగిరేదాన్ని కొట్టడం కూడా నేర్పుతున్నారు.