గంప కింద చెయ్యి

చితుకులు ఇటు తోసి దగ్గరికి జరగండర్రా. యెరూషలేములో దేవాలయం నిలబడి ఉన్న కాలంలో కొత్త పంట ఇంటికొస్తే ఏం చేసేవాళ్లో, అందులో యాజకుడి పనేమిటో ఇవాళ చెప్తాను. యాజకుడంటే మీకు బలిపీఠం, గొర్రెపిల్ల, కత్తి గుర్తొస్తాయి. పొలంతో ఆయనకున్న సంబంధం గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

ఆ దేశంలో ముందు కోతకొచ్చేది యవలు. మనకు మార్చి, ఏప్రిల్ నెలలు, వాళ్లకు పస్కా పండుగ రోజులు. మొదటి పన దేవుడి ముందుకు చేరేదాకా కొత్త గింజతో రొట్టె చేసుకోకూడదు, పేలాలు వేయించుకోకూడదు, పచ్చి వెన్ను నలిపి నోట్లో వేసుకోకూడదు. లేవీయకాండంలో ఉన్న కట్టడ ఇది. గాదెలో పాత గింజలు అడుగంటినా, ఎదురుగా చేను విరగపండి ఉన్నా ఆగాల్సిందే.

ఆ పన కోత చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చేవి. పస్కా మొదటి రోజు పొద్దు గూకాక కొడవలి పట్టినవాడు జనం వైపు తిరిగి, పొద్దు గూకిందా అని అడిగేవాడు. గూకిందని అందరూ గట్టిగా చెప్పేవాళ్లు. అలా మూడుసార్లు. కొడవలి చూపించి మూడుసార్లు, బుట్ట చూపించి మూడుసార్లు, కొయ్యమంటారా అని మళ్లీ మూడుసార్లు. ఇంత హడావుడి ఎందుకంటే, ఆ పన ఏ రోజు కొయ్యాలన్న దానిమీద అప్పట్లో పెద్ద తగాదా ఉండేది. వేరే లెక్క చెప్పే పక్షం ఒకటి ఉండేది. అందుకని చాటుగా కాకుండా పదిమంది చెవినా పడేట్టు కోసేవాళ్లు.

కోసిన వెన్నుల్ని ఆలయ ఆవరణలోకి తెచ్చి, గింజ రాల్చి, చిల్లుల పాత్రలో నిప్పు మీద వేయించి, ఆరబోసి, బరకగా విసిరి, 13 జల్లెళ్లలో జల్లించేవాళ్లు. ఏఫా అనే కొలత గింజల్లోంచి చివరికి అర్పణకు తీసేది అందులో పదో వంతు పిండి. దాన్ని నూనెతో, సాంబ్రాణితో కలిపి యాజకుడు చేతుల్లోకి తీసుకుని ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ అల్లాడించేవాడు. ఒక పిడికెడు తీసి బలిపీఠం మీద వేసేవాడు. మిగతాది యాజకులు తినేవాళ్లు. అది పూర్తవగానే యెరూషలేము అంగడి వీధి కొత్త పిండితో, పేలాలతో నిండిపోయేది.

మరి దూరాన ఉన్న ఊళ్లవాళ్లకు ఆ పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది? వాళ్లకు మధ్యాహ్నం దాటితే తినొచ్చని అనుమతి ఉండేది. అక్కడివాళ్లు ఈ పనిలో బద్ధకించరు, ఆ వేళకు ముగించే ఉంటారు అన్న నమ్మకం. దేశంలో ఎక్కడో ఒక మూల పిల్లలకు ముద్ద పెట్టే తల్లి యెరూషలేములో ఉన్న యాజకుడి మీద భరోసా పెట్టుకుంది. ఆయన పని ఎంత బరువైందో నాకు ఇక్కడే అర్థమవుతుంది.

యవల పన అర్పించాక యాభయ్యో రోజుకు గోధుమ పండుగ. కొత్త గోధుమపిండితో చేసిన రెండు పులిసిన రొట్టెలు తెచ్చేవాళ్లు. పులిసింది బలిపీఠం మీద కాల్చకూడదు కాబట్టి యాజకుడు వాటినీ అల్లాడించేవాడు, తర్వాత యాజకులంతా పంచుకునేవాళ్లు.

ఇక నాకు ప్రాణమైన సంగతి చెప్తాను, ప్రథమఫలాల గంప. రైతు తోటలోకి వెళ్తాడు. మొదటి అంజూరపు పండు, మొదటి ద్రాక్షగుత్తి, మొదటి దానిమ్మకాయ కంటపడగానే దానికి ఒక జమ్ముపోచ కట్టి, ఇది ప్రథమఫలం అని చెప్పి వదిలేస్తాడు. తర్వాత ఆ ప్రాంతం వాళ్లంతా ఒక ఊళ్లో చేరి, ఎవరి ఇంట్లోకీ వెళ్లకుండా ఊరి నడిబజారులో పడుకుని, తెల్లవారి బయల్దేరేవాళ్లు. ముందు ఒక ఎద్దు, కొమ్ములకు బంగారపు పూత, తలమీద ఒలీవ కొమ్మల కిరీటం. దాని ముందు పిల్లనగ్రోవి. దగ్గరివాళ్లు పచ్చి పండ్లు తెస్తే, దూరాల వాళ్లు ఎండు అంజూరాలు, ఎండు ద్రాక్ష తెచ్చేవాళ్లు. పట్టణంలోకి అడుగుపెడితే పనివాళ్లు చేస్తున్న పని ఆపి, లేచి నిలబడి, ఏ ఊరివాళ్లో పేరు పెట్టి పలకరించేవాళ్లు. ఆలయం కొండ దగ్గరికి వచ్చాక అగ్రిప్ప రాజైనా సరే, గంప తన భుజాన తనే మోసుకోవాలి.

అప్పుడు యాజకుడు ఎదురొస్తాడు. రైతు గంప భుజాన ఉండగానే మొదలుపెట్టి తన కథ చెప్పాలి. మా పితరుడు ఊరూరా తిరిగినవాడు, ఐగుప్తులో మమ్మల్ని బానిసలుగా చేశారు, మొరపెట్టుకుంటే దేవుడు విని ఈ నేలకు తెచ్చాడు, ఆ నేల పంట ఇది అని. మధ్యలో గంప దించి అంచులు పట్టుకుంటే, యాజకుడు తన చెయ్యి గంప కింద పెట్టేవాడు. ఇద్దరూ కలిసి అల్లాడించేవాళ్లు. ద్వితీయోపదేశకాండంలో ఈ ఘట్టం చదివి చూడండి, యాజకుడు నోరు విప్పడు. మాట రైతుది. ఆయన వింటాడు, మోస్తాడు, బలిపీఠం ముందు పెడతాడు, అంతే.

ఆ మాటలు హెబ్రీలోనే చెప్పాలి. చదవడం వచ్చినవాళ్లు సొంతంగా చెప్పేవాళ్లు, రానివాళ్లకు ఒకరు అందించేవాళ్లు. నలుగురిలో అందించి చెప్పించుకోవడం నామోషీ అనిపించి పాపం వాళ్లు రావడమే మానేశారు. అది గమనించి పెద్దలు కట్టుబాటు మార్చేశారు. చదువు వచ్చినా రాకపోయినా, అందరికీ అందించే చెప్పించాలి. సిగ్గుతో ఒక్కడు కూడా ఇంట్లో ఉండిపోకూడదని పండితుడికి కూడా అదే నియమం పెట్టిన ఆ పెద్దలకు చేతులెత్తి మొక్కాలి. ఇవన్నీ క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల గ్రంథంలో రాసి ఉన్నాయి.

ఇంకో సంగతి ఉంది, అది మాత్రం నాకు మింగుడుపడదు. ధనవంతులు వెండి బంగారాల బుట్టల్లో తెస్తే ఖాళీ బుట్ట తిరిగిచ్చేవాళ్లు. పేదలు తొక్క ఒలిచిన కొమ్మలతో అల్లిన బుట్టలో తెస్తే పండ్లతోపాటు బుట్ట కూడా యాజకులదే. ఎన్నిసార్లు ఆలోచించినా పేదవాడి బుట్టే తిరిగివ్వాల్సిందనిపిస్తుంది.

యాజకుడికి ఇందులో వాటా ఎందుకంటే, ఆయనకు భూమి లేదు. గోత్రాలకు నేల పంచినప్పుడు వాళ్లకు సెంటు పొలం రాలేదు. ఇరవైనాలుగు తరగతులుగా వంతులవారీగా వచ్చి సేవ చేసేవాళ్లు, ఆ వారం వంతువాళ్లు గంపల్లో వచ్చింది పంచుకునేవాళ్లు. అందరూ నీతిగా ఉన్నారని చెప్పను. షిలోహులో యాజకుడైన ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు బలిమాంసం ఉడుకుతుంటే తమ పనివాడి చేత మూడు ముళ్ల కొంకి గుచ్చి లాగించుకునేవాళ్లు, ఇవ్వకపోతే బలవంతంగా తీసుకుంటానని ఆ పనివాడు అనేవాడు. నెహెమ్యా కాలంలో ఎల్యాషీబు అనే యాజకుడు నైవేద్యాలూ సాంబ్రాణీ దాచే గదిని తన చుట్టం టోబీయాకు ఇచ్చేశాడు. వాటాలు అందక లేవీయులు ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా వచ్చి టోబీయా సామానంతా బయటపడేసి, నమ్మకస్తులని పేరున్న ఒక యాజకుడు, ఒక శాస్త్రి, ఒక లేవీయుడు, వీళ్లకు కొట్లు అప్పగించాడు.

క్రీ.శ. 70లో రోము సైన్యం ఆలయాన్ని తగలబెట్టింది. గంపలు ఆగిపోయాయి. మన గుళ్లలో కోత పండుగకు మనమూ వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తాం, వేలం పాడతాం. కానీ స్తోత్రవాక్యం చదివేటప్పుడు అక్షరం రానివాళ్లు వెనక వరసలో తలొంచుకుని నిలబడతారు. ఈసారి ఒకరు అందిస్తే పాస్టరుగారితో సహా అందరం పలుకుదామని సంఘ పెద్దల్ని అడగబోతున్నాను. మీరూ నాతో రండి.