పండుగకు తారీఖు పెట్టినదెవరు?

ఈ దినము ఎస్తేరు గ్రంథము తొమ్మిదవ అధ్యాయమును ధ్యానించుకుందాము. బైబిలు దగ్గరున్నవారు తెరచి పెట్టుకోండి.

పూరీము పండుగ మోషే ధర్మశాస్త్రములో లేదు. యూదులను నాశనము చేయడానికి హామాను "పూరు", అనగా చీటి వేయించి దినము నిర్ణయించాడు. శత్రువు వేసిన చీటి పేరే పండుగకు నిలిచిపోయింది! పల్లెల్లోని యూదులు అదారు నెల 14వ తేదీన విశ్రమించారు, షూషను పట్టణములోనివారు 15న. విడుదల ఒక్కటే, తారీఖులు రెండు. మొర్దెకై ఒకదానిని కొట్టివేయలేదు. రెండు దినములనూ ఆచరించమని ఉత్తరాలు వ్రాశాడు.

దేశముల పండుగలకూ ఇలాంటి కథలే ఉన్నాయి. మన రాజ్యాంగమును 1949 నవంబరు 26నే ఆమోదించారు. అయినా 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్య దినము జరిపారు గనుక, దాని అమలుకు 1950లో అదే తారీఖు ఎంచుకున్నారు. ఫిలిప్పీన్స్‌కు అమెరికా స్వాతంత్ర్యమిచ్చింది 1946 జూలై 4న, అంటే అమెరికా పండుగ రోజునే. 1962లో ఆ దేశము దానిని మార్చి, 1898లో తమవారు స్వాతంత్ర్యము ప్రకటించుకున్న జూన్ 12ను పండుగ చేసుకుంది.

మరి మన రాష్ట్రము పుట్టినరోజు ఏది? కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడింది. హైదరాబాదు రాష్ట్రములోని తెలుగు ప్రాంతములు కలిసి ఆంధ్రప్రదేశ్ అయినది 1956 నవంబరు 1న. జగ్గయ్యపేట పక్కనున్న సరిహద్దు అప్పుడు పోయింది, 2014 జూన్ 2న మళ్ళీ వచ్చింది. గరికపాడు దగ్గర చూస్తూనే ఉన్నారు కదా. ఆ జూన్ 2 తెలంగాణవారికి పండుగ. ఇక్కడ కొన్నేళ్ళు అదే రోజున నవనిర్మాణ దీక్ష చేయించారు. 2019లో తిరిగి నవంబరు 1న అవతరణ దినము జరిపారు. ఇన్ని తారీఖులు మారినా వాటి వెనుకనున్న మరొక తారీఖు మన నోట రాదు.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 దినములు! డిసెంబరు 15 రాత్రి ప్రాణము విడిచారు. నాలుగు రోజులకు, 19న, ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రము ఇస్తామని ప్రకటించారు. పూరీము వెనుక కూడా ఎస్తేరు మూడు దినముల ఉపవాసమున్నది. విందు దగ్గర ఉపవాసమును తలచుకునేవారు తక్కువ.

ఇదే శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలాపేటలో వేణుగోపాలస్వామి ఆలయములోనికి దళితులను రానివ్వాలని ఉపవాసమున్నారు, ఆ ప్రవేశము సాధించారు. మన సంఘములలో ఎందరి తాతలను గుడి మెట్టు ఎక్కనివ్వలేదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. అయినా ఆ ఆకలి మనవాళ్ళ కొరకు కూడా.

డిసెంబరు 15 అంటే మనకు సెమీ క్రిస్మస్‌ల రోజులు. ఆ సాయంకాలము కేకు కోయకముందు ఎవరైనా పెద్దవారు లేచి, సండేస్కూలు పిల్లలకు ఈ మూలాపేట సంగతి చెప్పండి. వచ్చే వారానికి పదియవ అధ్యాయము చదువుకొని రండి, మూడే వచనములు.