కూలిన టవర్లు, పెరిగిన లెక్క

2024 ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలు పెట్టి నేలమట్టం చేశారు. ఆ వీడియోలు చూసి ఇక పొగ బెడద పోయినట్టే అనుకున్నవాళ్లుంటే తప్పు పట్టలేం. కానీ ఆ టవర్ల నోట్లోంచి ఏళ్ల తరబడి తెల్లగా లేచింది పొగ కాదు, ఉత్త నీటి ఆవిరి. బొగ్గుపులుసు వాయువు పోయేది పక్కనున్న సన్నటి చిమ్నీ గుండా. దానికి రంగూ లేదు, వాసనా లేదు. కంటికి కనిపించిన మొదటి ఆధారమే ఇలా తప్పుదారి పట్టిస్తుంది.

అసలు చిక్కుముడి అంతకంటే పాతది. 1966లో ఇక్కడ తిరగడం మొదలుపెట్టిన యంత్రం 60 మెగావాట్లది. 2018 డిసెంబరులో మొదలైన ఏడో దశ యంత్రం 800 మెగావాట్లది, పైగా సూపర్ క్రిటికల్. దేశమంతటా ఇదే వరస: చిన్నవాటి తర్వాత పెద్దవి వచ్చాయి. యంత్రం మెరుగయ్యేకొద్దీ ఒక్కో యూనిట్ కరెంటుకు వెలువడే కార్బన్ తగ్గాలి. దేశం సగటు మాత్రం 1990లలో తగ్గకపోగా కాస్త పెరిగింది. ఆ మెరుగుదలంతా ఎక్కడికి పోయినట్టు?

అనుమానం ముందు బొగ్గు మీదికి పోతుంది. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర గుర్తించిన బొగ్గు, పక్కనే అడవిలోంచి వచ్చే కిన్నెరసాని నీళ్లు, ఈ రెండూ అందుబాటులో ఉన్నందుకే ప్లాంటు పాల్వంచకు వచ్చింది. మన బొగ్గులో బూడిద ఎక్కువ, చాలాచోట్ల మూడో వంతుకు పైనే. అయితే బూడిద గాల్లోకి పోయే కార్బన్ కాదు, బూడిద చెరువుకు పోయే మట్టి. ఆ మట్టితో కలిపి బొగ్గును పిండి చేసే మిల్లులకూ, బూడిదను చెరువుకు తోసే పంపులకూ ప్లాంటు తన కరెంటునే ఖర్చు పెట్టుకుంటుంది. నష్టం నిజమే. కానీ మన బొగ్గులో బూడిద మొదటినుంచీ ఎక్కువే. ఆ నష్టం ఒక్కటే ఈ పెరుగుదలనంతా వివరించలేదు. బొగ్గును వదిలేద్దాం.

యంత్రాన్ని కూడా దోషిగా నిలబెట్టలేం. పాత చిన్న యంత్రం యూనిట్‌కు సుమారు 1.2 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలితే, సూపర్ క్రిటికల్ యంత్రం సుమారు 0.9 కిలోలతో సరిపెడుతుంది. ఆవిరిని మరింత వేడిగా, మరింత ఒత్తిడితో టర్బైన్ మీదికి వదిలితే అంతే బొగ్గుతో ఎక్కువ కరెంటు వస్తుంది. అందులో మాయ లేదు.

ఇక మిగిలిన ఆధారం ప్లాంటులో దొరకదు. భద్రాచలం దాటి చింతూరు మీదుగా మోతుగూడెం వెళ్లాలి. అక్కడ దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం, 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు. 1970ల చివరికల్లా అన్నీ తిరుగుతున్నాయి. ఒక్క బొగ్గు పెళ్ల అక్కర్లేదు. 1960లలో దేశపు స్థాపిత సామర్థ్యంలో దాదాపు సగం ఇలాంటి నీటి కరెంటే. ఆ తర్వాత నీటి కరెంటు పెరిగినా, అవసరం అంతకంటే ఎన్నో రెట్లు పెరిగింది. ఆ ఎక్కువంతా దాదాపు బొగ్గు మీదే పడింది. చిక్కటి పాలలో నీళ్లు కలిపినన్నాళ్లు పలచగా కనిపించాయి; నీళ్లు చాలక పాలే పోస్తూ పోతే, పాలు కాస్త పలచబడినా గ్లాసు చిక్కబడుతుంది. యంత్రం ఆదా చేసినదాన్ని నీటి వాటా తగ్గుదల మింగేసింది.

ఈ ఆధారానికి ఇంకో తమాషా తోక ఉంది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. చింతూరుతోపాటు ఈ 460 మెగావాట్లూ పోయాయి. తెలంగాణ నాయకులు ఆ నష్టాన్ని ఇప్పటికీ ఎత్తిచూపుతుంటారు. సరిహద్దు గీత జరగ్గానే తెలంగాణ కరెంటు కాగితం మీద నల్లబడింది, ఆంధ్రా కరెంటు తెల్లబడింది. చిమ్నీల్లో గ్రాము తేడా లేదు. రాష్ట్రాలవారీ కార్బన్ లెక్కలు చూపి గొప్పలు పోయేవాళ్లను అందుకే నేను అంత సులువుగా నమ్మను.

మరి సగటు చివరికి ఎలా దిగింది? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) లెక్క ప్రకారం 2013-14లో యూనిట్‌కు 0.82 కిలోలు. 2022-23కి సుమారు 0.72. నీళ్లు చేయలేని పనిని సోలార్, గాలిమరలు అందుకున్నాయి, సూపర్ క్రిటికల్ యంత్రాలు తోడయ్యాయి. అయితే అదే సంస్థ పుస్తకంలో మొత్తం లెక్క ఇంకోలా ఉంది: 2007-08లో దాదాపు 52 కోట్ల టన్నులు, 2022-23లో వంద కోట్ల టన్నుల పైమాట. సగటు దిగుతోంది, మొత్తం ఎక్కుతోంది. ఆ రెండూ ఒకే జిల్లాలో చూడొచ్చు. పాల్వంచలో తీసేసిన పాత యంత్రాలన్నీ కలిపి 720 మెగావాట్లు. వాటి చోట వచ్చినవి ఏడో దశ 800, మణుగూరులో 2020-22 మధ్య నాలుగు యంత్రాలతో మొదలైన భద్రాద్రి ప్లాంటు 1080. భద్రాద్రి యంత్రాలు సూపర్ క్రిటికల్ కూడా కావు, పాత సబ్ క్రిటికల్ రకమే.

సోలార్‌తో ఇంకో పేచీ సాయంత్రం మొదలవుతుంది. మధ్యాహ్నం బొగ్గు యంత్రాన్ని తగ్గించి నడుపుతారు, ఆర్పరు; ఎందుకంటే పొద్దు గూకగానే మళ్లీ కావాలి. అలా సగం లోడు మీద నడిచినప్పుడు అది యూనిట్‌కు మరింత బొగ్గు తింటుంది. మధ్యాహ్నపు కరెంటుతో నీళ్లు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలితే ఆ బాధ తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు తలపెట్టింది అందుకే.