పట్టి నుంచి నగర్‌కు: కరిసల్ నేలలో ఇల్లూ ఊరూ

తమిళంలో 'వీడు' అంటే ఇల్లు. మన ప్రాచీన కావ్యభాషలో 'వీడు' అంటే పట్టణం. విడిసి ఉండే చోటు అన్న భావం నుంచి ఒక సోదరభాష ఇంటికీ, మరొకటి ఊరికీ పేరు పెట్టుకున్నాయి. ఇంటిని గురించిన చర్చను ఊరి చర్చ నుంచి విడదీయలేమని ఈ ఒక్క మాటే సూచిస్తున్నది.

నివాసయోగ్యమైన పట్టణానికి సంప్రదాయ వాస్తురీతి మేలా, ఆధునిక నిర్మాణం మేలా అన్న వాదం చాలాకాలంగా సాగుతున్నది. సాధారణంగా ఈ వాదానికి మహానగరాలనే ఉదాహరణగా తీసుకుంటారు. ఈ వ్యాసంలో మేము దానిని రెండు చిన్న పట్టణాల్లో పరిశీలించదలచాము. అవి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కోవిల్‌పట్టి, విరుదునగర్. ఈ ప్రాంతంలో శతాబ్దాలుగా తెలుగు ఇంటి భాషగా నిలిచి ఉన్నది గనుక ఈ విషయం మన విద్యార్థులకు మరింత దగ్గరిది.

పదహారవ శతాబ్దిలో మదురై నాయకరాజ్యం ఏర్పడి, దేశం డెబ్బయిరెండు పాళెయాలుగా విభజింపబడిన తర్వాత, ఈ నల్లరేగడి నేలలో తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడ్డాయి. కోవిల్‌పట్టి సమీపంలోని ఎట్టయపురం, దానికి ఆగ్నేయంగా ఉన్న పాంచాలంకురిచ్చి తెలుగు పాళెగాండ్రవే. పాంచాలంకురిచ్చి కోట మట్టికోట. 1799లో కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీసిన తరువాత ఆంగ్లేయులు దానిని నేలమట్టం చేశారు. 1801లో ఆయన తమ్ముడు ఊమైదురై చెర నుంచి తప్పించుకొని రాగా, అనుచరులు ఆ కోటను కొద్దికాలంలోనే తిరిగి లేపారు. మార్చి చివర కంపెనీ సేన చేసిన దాడి విఫలమైంది. మే నెలలో గాని కోట వశం కాలేదు. మట్టిగోడ బలహీనమైనదన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క చరిత్రే సవరిస్తుంది. ఈనాడు అక్కడ మనం చూసేది 1974లో రాష్ట్ర ప్రభుత్వం కట్టించిన స్మారక కోట. జ్ఞాపకం పాతది, కట్టడం కొత్తది.

ఇక పట్టణాల సంగతి. 'పట్టి' అంటే పశువుల దొడ్డి, దాని చుట్టూ వెలసిన చిన్న పల్లె. కోవిల్‌పట్టి ఆ మాటను నిలుపుకున్నది. విరుదుపట్టి మాత్రం 1923లో విరుదునగర్ అయింది. పల్లెను సూచించే ప్రత్యయాన్ని వదిలి, నగరాన్ని సూచించే సంస్కృత పదాన్ని తగిలించుకోవటం కేవలం పేరు మార్పు కాదు; పత్తి, మిరప, నూనెల వ్యాపారంతో ఎదిగిన ఊరు తన ఆశను ఆ పేరులో ప్రకటించుకున్నది. 1876లో మదురై–తూత్తుకుడి రైలుమార్గం వచ్చిన తర్వాత రెండు ఊళ్ల ముఖమూ మారింది.

అయితే రైలుకు ముందే విరుదుపట్టికి తనదైన నిర్మాణరీతి ఒకటి ఉండేది. అది నాడార్ వర్తకుల 'పేట్టై'. ఎత్తయిన ప్రహరీ, లోపల బండ్లు విప్పుకునే ఆవరణ, సరకు నిలవచేసే కొట్లు. దారిదోపిడి కాలంలో సరకుకూ మనుషులకూ అది రక్ష. అక్కడ వర్తకులు చెల్లించే 'మగిమై' అనే చందా నుంచి తర్వాత బడులు వెలిశాయి. అంటే ఒక కట్టడం ముందు వ్యాపారాన్ని, ఆ పిమ్మట చదువును పోషించిందన్నమాట. సంప్రదాయ వాస్తువు అనగానే గోపురాలనూ మహళ్లనూ తలచుకునేవారు ఇటువంటి సాదా కట్టడాలను మరచిపోతుంటారు.

ఈ నేలలో ఇల్లు కట్టటం అంత సులభం కాదు. వాన ఏడాదికి 700 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం ఈశాన్య ఋతుపవనం తెచ్చేదే. తడిస్తే నల్లరేగడి ఉబ్బుతుంది, ఎండితే కాలు దిగేంత బీటలు వారుతుంది. కింద నేల కదిలితే పైన గోడ పగలక తప్పదు. పాతకాలపు సామాన్యుని ఇల్లు దీనికి చూపిన ఉపాయం సరళమైనది. గోడ పొట్టిగా, మందంగా ఉండేది. కప్పు తాటివాసాలు, తాటాకులతో తేలికగా ఉండేది. బీట పడితే ఇంటివారే మట్టి మెత్తుకునేవారు. కలిగినవారు మద్రాసు మిద్దె వేసుకున్నారు. దూలాల మీద సన్నటి ఇటుకలను సున్నంతో ఏటవాలు వరసల్లో నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కల సున్నం పోసి దిమ్మిస కొట్టేవారు. సున్నం మెల్లగా గట్టిపడుతుంది గనుక కొంత కదలికను ఓర్చుకుంటుంది. సిమెంటుకు ఆ ఓర్పు తక్కువ.

ఈ వాదానికి పెద్ద చరిత్రే ఉన్నది. మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు 1870లో భారతదేశపు ఆధునిక వాస్తువును గురించి ఉపన్యసించి, దేశీయరీతులను వాడుకోవాలని కోరాడు. ఆయన కాలంలోనే మదురై తిరుమలనాయకుని మహలు మరమ్మతుకు నోచుకున్నది. కాని ఆ దృష్టి ప్రధానంగా ప్రభుత్వ భవనాల మీదిది. వీధినీ ఇంటినీ పట్టించుకున్నవాడు పాట్రిక్ గెడ్డిస్. ఆయన 1915లో మద్రాసు రాజధానిలోని పట్టణాలపై నివేదికలు రాశాడు. ఇరుకు వీధులను మొత్తం కూల్చి వెడల్పు రోడ్లు వేయటం కన్నా, అవసరమైన చోట ఒకటి రెండు శిథిల గృహాలను తీసి గాలికీ చెట్టుకూ చోటిస్తే చాలునన్నది ఆయన పద్ధతి. తర్వాత ఈజిప్టులో హసన్ ఫతీ, కేరళలో లారీ బేకర్ మట్టినీ ఇటుకనూ నమ్మి ఇళ్లు కట్టి చూపారు.

ఇంతవరకు పాత ఇంటి పక్షం. మరొక పక్షాన్ని చెప్పకపోతే చరిత్రకు న్యాయం చేసినవాళ్లం కాము. మనం ముచ్చటగా చెప్పుకునే తిన్నె ఎవరికోసం? బాటసారికి నీడనిచ్చిన అదే తిన్నె మీద కొన్ని కులాలవారికి కూర్చునే హక్కు లేదు. ఊరి వెలుపల, పల్లపు నేలలో, తాటాకు గుడిసెల్లో ఉంచబడిన అరుంధతియారులలో అనేకుల ఇంటి భాష కూడా తెలుగే. వారికి సంప్రదాయ గృహం అంటే వానకు కారేది, నిప్పురవ్వకు అంటుకునేది. గుడిసెల స్థానంలో కాంక్రీటు ఇళ్లు కట్టించేందుకు తమిళనాడు ప్రభుత్వం 2010లో ఒక పథకం చేపట్టింది. 2011లో 300 చదరపు అడుగుల సౌరదీపపు ఇళ్ల పథకం వచ్చింది. ఆ ఇళ్లలో వేసవి మధ్యాహ్నం ఉక్క భరించటం కష్టమే. అయినా తలుపుకు గొళ్లెం, పేరున పట్టా, మరుగుదొడ్డి ఉన్న ఇంటిని చూసి అందం లేదని పెదవి విరిచే అర్హత మనకు లేదు. ఒకసారి పదసేకరణకు వెళ్లినప్పుడు పాత ఇల్లు ఎలా ఉండేదని మేము అడిగితే ఒక అవ్వ, "దాన్ని మీరు తలుచుకోండి నాయనా, మేము దాంట్లో తడిసినాము" అన్నది. మా ప్రశ్నలో ఉన్న లోపం అప్పుడు గాని మాకు తెలియలేదు.

కాబట్టి పాతదా కొత్తదా అని అడగటం కన్నా, ఏది ఈ నేలకు, ఈ ఎండకు, ఈ మనుషులందరికీ సరిపోతుందని అడగటం మేలు. రేగడి నేల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఒక పునాదిని రూపొందించింది. సుమారు మూడున్నర మీటర్ల లోతుకు దిగి, అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభం అది. పైనేల కదిలినా ఇంటిని కదలనివ్వదు. ఇది పూర్తిగా ఆధునికమే, కాని నేల స్వభావాన్ని గౌరవించింది. మరోవైపు 2003లో తమిళనాడు ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. కప్పు మీది నీటిని వృథా పోనివ్వకూడదన్న పాత తెలివి అలా చట్టమై తిరిగి వచ్చింది. ఇదే తీరున నీడనిచ్చే చూరు, ఎవరైనా కూర్చోగల తిన్నె కొత్త వీధుల్లోకి ఎందుకు రాకూడదు?

భాషాశాస్త్ర విద్యార్థులుగా మనకు మరొక నష్టం కనిపిస్తుంది. ఇల్లు కూలితే మాటలు కూడా కూలుతాయి. నిట్టాడు, వాసం, చూరు, అటక, గాదె, పాతర, ముంగిలి అన్న పదాలు చూపటానికి వస్తువు లేనప్పుడు పిల్లల నోట నిలవవు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ దీనిని ముందే గుర్తించారు. తెలుగువారు దక్షిణానికి వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు; 1982లో కరిసల్ ప్రాంతపు వాడుకమాటల నిఘంటువును వెలువరించారు. 2021లో ఆయన కన్నుమూయగా, మరుసటి ఏడాది కోవిల్‌పట్టిలో ప్రభుత్వం స్మారక మందిరం నిర్మించింది.

ఆ నిఘంటువు తమిళ పలుకుబడికి చేసిన మేలును మన ఇంటి తెలుగుకు చేయవలసినవారు మీరే. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు పెద్దవారిని కూర్చోబెట్టుకొని, ఇంటిలోని ఒక్కొక్క భాగాన్నీ వారు ఏమంటారో రాసుకోండి. మిద్దె ఇంటివారిని అడిగినట్లే గుడిసెలో పుట్టినవారినీ అడగండి. ఆ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గాని మన ఊరు ఎవరికి నివాసయోగ్యంగా ఉండేదో, ఎవరికి కాలేదో తేలదు.