క్యాంపస్ అంబాసిడర్ (వికీపీడియా)

క్యాంపస్ అంబాసిడర్ అనగా విశ్వవిద్యాలయ తరగతులలో విద్యార్థులకు వికీపీడియాలో వ్యాసరచనను దగ్గరుండి నేర్పే స్వచ్ఛంద సహాయకుడు లేదా సహాయకురాలు. వికీమీడియా ఫౌండేషన్ 2010లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ వ్యవస్థను ప్రవేశపెట్టింది. అంబాసిడర్లలో అనేకులు అదే విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థులు. గ్రంథాలయ సిబ్బంది, బోధనకు తోడ్పడే ఇతర సిబ్బంది కూడా ఈ బాధ్యతను స్వీకరించారు. అంబాసిడర్ అను ఆంగ్ల పదానికి రాయబారి అని అర్థం. తరగతి గదికి, వికీపీడియా సముదాయానికి మధ్య సంధానకర్తగా వ్యవహరించే వ్యక్తి కనుక ఈ పేరు వచ్చింది.

నేపథ్యం

స్టాంటన్ ఫౌండేషన్ అందించిన 12 లక్షల డాలర్ల విరాళంతో వికీమీడియా ఫౌండేషన్ 2010లో "పబ్లిక్ పాలసీ ఇనిషియేటివ్" అనే ప్రయోగాత్మక కార్యక్రమాన్ని చేపట్టింది. అమెరికా ప్రభుత్వ విధానాలకు సంబంధించిన ఆంగ్ల వికీపీడియా వ్యాసాలను మెరుగుపరచడం దీని లక్ష్యం. జార్జిటౌన్, సిరాక్యూస్, ఇండియానా మొదలగు విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ఇందులో పాల్గొన్నారు. పరీక్షకుడు ఒక్కడే చదివి పక్కన పెట్టే టర్మ్ పేపరుకు బదులుగా, అందరూ చదివే వికీపీడియా వ్యాసాన్ని రాయడం విద్యార్థులకు అభ్యాసంగా ఇచ్చారు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. అధ్యాపకునికి విషయం తెలుసు గాని వికీపీడియా పద్ధతులు తెలియవు. అనుభవజ్ఞులైన వికీపీడియనులకు పద్ధతులు తెలుసు గాని వారు తరగతి గదిలో ఉండరు. ఈ లోటును పూరించడానికి రెండు రకాల సహాయకులను ఏర్పాటు చేశారు. తరగతికి స్వయంగా వచ్చేవారు క్యాంపస్ అంబాసిడర్లు; వికీపీడియాలోనే చర్చా పేజీల ద్వారా సలహాలిచ్చేవారు ఆన్‌లైన్ అంబాసిడర్లు.

విధులు

క్యాంపస్ అంబాసిడర్లు సాధారణంగా చేసే పనులు ఇవి:

* వాడుకరి ఖాతా సృష్టించుకోవడం, ప్రయోగశాలలో చిత్తుప్రతి రాయడం, దానిని ప్రధాన పేరుబరికి తరలించడం నేర్పడం
* తటస్థ దృక్కోణం, నిర్ధారణ యోగ్యత వంటి వికీపీడియా నియమాలను వివరించడం
* నమ్మదగిన మూలాలను గుర్తించడం, వాటిని వ్యాసంలో ఉదహరించడం చూపించడం
* విద్యార్థి చేసిన మార్పును ఇతర సభ్యులు తొలగించినపుడు, కారణమేమిటో చర్చా పేజీ చూసి తెలుసుకొనేలా ప్రోత్సహించడం
* అభ్యాసం రూపకల్పనలో అధ్యాపకునికి సలహాలివ్వడం

విద్యార్థి తరఫున వ్యాసం రాయడం గాని, మార్కులు వేయడం గాని అంబాసిడరు పని కాదు. అధ్యాపకుని అడగడానికి జంకే సందేహాన్ని తోటి విద్యార్థిని అడగడం సులభమనే భావన ఈ వ్యవస్థకు ఆధారం.

డిజిటల్ అక్షరాస్యత

డిజిటల్ అక్షరాస్యత అంటే కంప్యూటరును నడపగలగడం మాత్రమే కాదు. తెరపై కనిపించిన సమాచారాన్ని ఎవరు రాశారు, దేని ఆధారంగా రాశారు అని ప్రశ్నించగలగడం, ఇతరుల రచనను వాడుకొనేటపుడు పాటించవలసిన మర్యాదను ఎరిగి ఉండడం అందులో ముఖ్యమైన భాగాలు. వికీపీడియా వ్యాసపు "చరిత్ర" టాబును నొక్కితే ప్రతి మార్పూ దానిని చేసిన సభ్యుని పేరుతో, సమయంతో సహా కనబడుతుంది. వికీపీడియాను రోజూ చదివే విద్యార్థులు సైతం ఈ టాబును ఉపయోగించకపోవడం పరిపాటి. దానిని తెరచి చూపించడం అంబాసిడరు చెప్పే తొలిపాఠాలలో ఒకటి.

పూణే ప్రయోగం (2011)

అమెరికాలో లభించిన ఫలితాల ప్రోత్సాహంతో 2011లో భారతదేశంలోని పూణే నగరంలో ఈ కార్యక్రమాన్ని ప్రారంభించారు. కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్ పూణే, సింబయాసిస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయం ఇందులో పాల్గొన్నాయి. సుమారు 1,000 మంది విద్యార్థులు ఆంగ్ల వికీపీడియాలో రచనలు చేయడానికి పూనుకొన్నారు.

కొద్ది నెలలలోనే తీవ్రమైన సమస్య బయటపడింది. విద్యార్థులు చేర్చిన పాఠ్యంలో చాలా భాగం పుస్తకాల నుండి, వెబ్‌సైట్ల నుండి యథాతథంగా నకలు చేసినదని ఆంగ్ల వికీపీడియా సభ్యులు గుర్తించారు. ఇది కాపీహక్కుల ఉల్లంఘన కనుక అటువంటి పాఠ్యాన్ని వెదికి తొలగించవలసి వచ్చింది. ఈ భారం, కార్యక్రమంతో ఏ సంబంధమూ లేని స్వచ్ఛంద సభ్యులపై పడింది. 2011 నవంబరులో ప్రయోగాన్ని నిలిపివేశారు.

వైఫల్యానికి ముఖ్యమైన కారణాలు:

* అంబాసిడర్లలో అధికులు వికీపీడియాకు స్వయంగా కొత్తవారు. ఉత్సాహం ఉన్నప్పటికీ, నకలును పసిగట్టేంత అనుభవం వారికి లేదు.
* అంబాసిడర్ల సంఖ్యతో పోలిస్తే విద్యార్థుల సంఖ్య చాలా ఎక్కువ.
* పలువురు విద్యార్థులకు ఆంగ్లం మాతృభాష కాదు. చదివిన దానిని ఆ భాషలో సొంత మాటలలో తిరిగి రాయడం వారికి కష్టమైంది.
* పాఠ్యపుస్తకంలోని వాక్యాలను ఉన్నదున్నట్లు రాయడం తప్పు కాదని, పైగా మార్కులు తెస్తుందని అలవాటైన చోట, నకలు నిషేధాన్ని ఒకటి రెండు తరగతులలో చెప్పి వదలివేయడం సరిపోలేదు.

విద్యార్థులు మీటలు నొక్కడం త్వరగానే నేర్చుకొన్నారు. లోటు ఏర్పడింది రచనకు సంబంధించిన అలవాట్ల వద్ద. తోటివారి ద్వారా నేర్పే పద్ధతిలో, నేర్పేవారికి ఆ విద్య ముందుగా వచ్చి ఉండాలన్నది ఈ ప్రయోగం తేల్చిన విషయం.

కైరో ప్రయోగం (2012)

పూణే అనుభవం తరువాత 2012లో ఈజిప్టు రాజధాని కైరోలో మరో ప్రయోగం జరిగింది. కైరో విశ్వవిద్యాలయం, ఐన్ షమ్స్ విశ్వవిద్యాలయం ఇందులో పాల్గొన్నాయి. ఈసారి తక్కువమంది విద్యార్థులతో ప్రారంభించారు. విద్యార్థులు తమ భాషలోనే, అంటే అరబిక్ వికీపీడియాలో రాశారు. అనుభవం గల అరబిక్ వికీపీడియనులు సహాయకులుగా వ్యవహరించారు. పాల్గొన్నవారిలో అధికులు విద్యార్థినులు. ఈ ప్రయోగం సఫలమై తరువాతి సెమిస్టర్లలో కూడా కొనసాగింది.

తదుపరి పరిణామాలు

అమెరికా, కెనడాలలో ఈ కార్యక్రమాన్ని నిర్వహించడానికి 2013లో వికీ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అక్కడ కాలక్రమేణా అంబాసిడర్ల పాత్ర తగ్గి, దాని స్థానంలో ఆన్‌లైన్ శిక్షణ పాఠాలు, విద్యార్థుల మార్పులను ఒకేచోట చూపే డ్యాష్‌బోర్డు, సంస్థలో ఉద్యోగులుగా పనిచేసే వికీపీడియా నిపుణులు వచ్చారు.

తెలుగులో

2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో కూడా కళాశాలల కేంద్రంగా శిక్షణ కార్యక్రమాలు జరిగాయి. 2010ల దశకంలో విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులకు, బెంగుళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సహకారంతో శిక్షణ ఇచ్చారు. తెలుగు విద్యార్థికి వికీ నియమాల కంటే ముందు నేర్వవలసినది కీబోర్డుపై తెలుగు రాయడం. ఇందుకు ఇన్‌స్క్రిప్ట్, లిప్యంతరీకరణ పద్ధతులు రెండూ తెలుగు వికీపీడియాలో అందుబాటులో ఉన్నాయి. ఒత్తులు, పొల్లులు రాయడంలో వచ్చే తొలి ఇబ్బందులను పక్కన కూర్చున్న తోటి విద్యార్థి నిమిషాలలో తీర్చగలడు.

ఇవి కూడా చూడండి

* తెలుగు వికీపీడియా
* వికీమీడియా ఫౌండేషన్
* కాపీహక్కు
* డిజిటల్ అక్షరాస్యత