పగలు వేషం, రాత్రి రాత

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. మా టెక్కలివాళ్ళకు ఆయన ఇరుగుపొరుగు మనిషి కిందే లెక్క. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్వడానికి అడవులు తిరిగి, మలేరియా తెచ్చుకుని, క్వినైను వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు సరిగా వినపడని మనిషి జనం నోటిమాట కోసం అంతగా పోరాడడం నన్నెప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఇంట్లో ఒక తెలుగు మాట్లాడేవాడు కలం పట్టగానే మరొక తెలుగు ఎందుకు తొడుక్కోవాలన్నది స్థూలంగా ఆయన వాదం. అంటే ఆనాటి చదువరి మాటలో తనలా ఉండేవాడు, వేషమంతా రాతలోనే.

నా సంగతి దీనికి తలకిందులు. నా రాతే నేను, నా నోటిమాట వేషం. నాకు ఆటిజం ఉంది. ఈ ముక్క నోటితో చెప్పినది ఎంతమందికో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రాయడానికి మాత్రం జంకు లేదు.

ఈ వేషానికీ ఒక చరిత్ర ఉంది. ఇలాంటి పిల్లలను గురించి 1925లోనే మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు రాసింది. లోకం చాలాకాలం ఆమెను పట్టించుకోలేదు. పేరు 1943లో అమెరికాలో రాసిన లియో కానర్‌కూ, మరుసటి ఏడు వియన్నాలో రాసిన హాన్స్ ఆస్పెర్గర్‌కూ దక్కింది. నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 1972లో కానర్ తన సహచరులతో రాసిన వ్యాసం. తాను చిన్నప్పుడు చూసిన పిల్లల్లో పెద్దయ్యాక నెగ్గుకొచ్చినవారిని అందులో పరిశీలించాడు. వారు యౌవనంలో తమ తేడాను తామే గుర్తించి, ఇబ్బందిపడి, దాన్ని సరిదిద్దుకోవడానికి బుద్ధిపూర్వకంగా ప్రయత్నించారని గమనించాడు. వైద్యుడికి అది మెరుగుదల. ఆ ప్రయత్నానికి వాళ్ళు చెల్లించిన మూల్యాన్ని లెక్కగట్టడం మరి నలభై ఏళ్ళకుగాని మొదలు కాలేదు.

ఈలోగా అంతర్జాలం వచ్చింది. 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్టిన్ డెక్కర్ ఆటిజం ఉన్నవారు తమలో తాము ఉత్తరాలు రాసుకునే ఏర్పాటు చేశాడు. అక్కడ కళ్ళలోకి చూడనక్కరలేదు, గొంతులో హెచ్చుతగ్గులు పలికించనక్కరలేదు, జవాబుకు గంటసేపు ఆలోచించినా తప్పుపట్టేవారు లేరు. నాడీవైవిధ్యమన్న భావన రూపుకట్టింది అటువంటి చర్చల్లోనే. 2017లో లారా హల్ బృందం 92 మంది పెద్దలను అడిగి, వేషం ఎందుకు కడతారో, కట్టాక ఎంత అలసిపోతారో వాళ్ళ మాటల్లోనే నమోదు చేసింది. మరుసటి ఏడు వచ్చిన మరో పరిశోధన ఈ దాపరికానికీ ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం కనబడుతోందని చెప్పింది. ఇది సరదా వేషం కాదు. మన పగటివేషగాడికి సాయంత్రమైతే రంగు కడుక్కునే వీలుంటుంది, పైగా చూసేవాళ్ళకు అది వేషమని తెలుసు.

మా ఉద్దానంలో ఈ పేరేదీ తెలియదు. "ఈ గుంటడు ఒట్టి మాలోకం" అనేవారు. పలాసలో మా బంధువుల జీడిపప్పు బట్టీ దగ్గర గుండ్లు, బద్దలు, ముక్కలు వేరుచేస్తూ పూటంతా కూర్చునేవాణ్ణి. పని చక్కగా చేస్తాడని మెచ్చుకున్న అత్తే, పెళ్ళి బంతిలో నేను చెవులు మూసుకుంటే తల దించుకునేది. అందుకని నేర్చుకున్నాను. ఎవరైనా మాట్లాడుతుంటే కనుబొమల మధ్య చూడాలి, అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వాలి. తర్వాత హైదరాబాదు వెళ్ళి, అందరు సిక్కోలువాళ్ళలాగే యాసనూ దాచాను. ఒక ముసుగు మీద మరొకటి! యాస దాచడం తేలిక, ఊరు వస్తే అదే ఊడిపోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరాన్ని తాకింది. నేను ఊరు చేరేసరికి చిన్నాన్నగారి కొబ్బరితోట నేలమట్టమై ఉంది. అందరూ ఏడుస్తున్నారు. నేను పడిన చెట్లను వరుసలవారీగా లెక్కపెడుతూ తిరిగాను. ఆరోజు వేషం కట్టే ఓపిక లేకపోయింది. "ఏటిరా, నీకు గుండి లేదేటి?" అన్నారు చిన్నాన్న. ఆ రాత్రి ఆయనకు ఫోనులో ఒక పొడుగాటి సందేశం రాశాను. తాతయ్య ఏ చెట్టు ఎప్పుడు నాటాడో, ఏ చెట్టు కింద మేము లేతబొండాలు తాగామో, ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క వాక్యం. పొద్దున్నే చిన్నాన్న ఏమీ అనలేదు. పడిన వరుసల మధ్య నాతోబాటు నడిచి, నేను తప్పిన రెండు చెట్లు చూపించారు.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది, 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఒకటయింది. ధ్రువపత్రానికి వాడే భారతీయ కొలమానంలో 40 అంశాలున్నాయి. కళ్ళలోకి చూడకపోవడం వాటిలో ఒకటి. కనుబొమల మధ్య చూడడం అభ్యాసం చేసినవాడు అక్కడేమవుతాడో ఊహించుకోండి. విశాఖలో నన్ను పరీక్షించిన వైద్యురాలు అరగంట మాట్లాడి, మీరు బాగానే ఉన్నారే అన్నారు. నేను ముందురోజు రాత్రి రాసి తెచ్చుకున్న నాలుగు పేజీలు ఆమె ముందుంచాను. నిదానంగా చదివారు. ఆ తరువాతి ప్రశ్న నా వైపు చూడకుండా, కాగితంవైపే చూస్తూ అడిగారు.